మాస్టారు రాయని రామకోటి

మాస్టారు పోయిన సంగతి నాకు వాట్సాప్ చెప్పింది. రాయ్‌పూర్ పక్కనున్న మా బీర్‌గావ్ తెలుగువాళ్ల గ్రూపులో, ఒక గుడ్ మార్నింగ్ గులాబీకీ ఒక గ్యాస్ సిలిండర్ వాకబుకీ మధ్య, ఎవరో ఇంగ్లీషులో పెట్టారు: 'సర్ ఎక్స్‌పైర్డ్ విత్ హార్ట్ అటాక్.' దాని కింద వరసగా దండాల బొమ్మలు. నేను ఆఫీసు క్యాంటీన్‌లో సమోసా చేత్తో పట్టుకుని ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమైంది. మూడోసారి కోపం వచ్చింది.

ఆయనే చూసి ఉంటే ఎర్ర పెన్ను మూత తీసేవారు. "ఒరే, గుండెపోటుతో కలిసి పోయానా? అదీ నేనూ ఒకే రిక్షా ఎక్కి ఎల్లామా?" అనేవారు. తెలుగువాడు గుండెపోటుతో పోవచ్చు, ఇంగ్లీషులో పోవాలంటే 'విత్' పనికిరాదని నాకు పదకొండో ఏట చెప్పింది ఆయనే. దిద్దాల్సిన మనిషి లేడు కాబట్టి ఆ వాక్యం గ్రూపులో ఇప్పటికీ అలాగే ఉంది.

పాఠకులకు ఒక మనవి. ఇలాంటి వ్యాసంలో ముందు కన్నీళ్లు, తర్వాత గుణగణాలు, చివర ఆత్మశాంతి రావాలని నాకు తెలుసు. నా దగ్గర ప్రస్తుతం కోపం మాత్రమే స్టాకుంది. మిగతావి వస్తే మధ్యలో కలుపుతాను.

మాస్టారు నిజానికి మాస్టారు కాదు. రిటైరైన గూడ్స్ గార్డు. విజయనగరం వైపు నుంచి కుర్రతనంలో రైలు ఉద్యోగానికి వచ్చి రాయ్‌పూర్‌లో ఉండిపోయారు. రిటైరయ్యాక రైల్వే కాలనీ వదిలి బీర్‌గావ్‌లో రెండు గదులూ ఒక వసారా ఉన్న ఇల్లు కట్టుకున్నారు. కొడుకు ఉర్లాలో ఇనుము ఫ్యాక్టరీకి వెళ్తాడు. మాస్టారి భార్య నేను ఆ గడప ఎక్కకముందే పోయారు. వసారాలో రెండు చెక్క బల్లలు, ఒక నల్లబల్ల, ఒక నల్లటి ఇనప పెట్టె. ఒకప్పుడు గార్డులు డ్యూటీకి వెళ్లేటప్పుడు జెండాలూ లాంతరూ పెట్టుకునే పెట్టె అది. అందులో ఇప్పుడు జెండాలు లేవు, ఒక లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉంది. దాని వెన్ను ఊడిపోతే రైలు సీటు మీది రెగ్జిన్ ముక్కతో అట్ట వేశారు. గూడ్సు బండి ఏ ధర్సీవా దగ్గరో పక్క లైనులో గంటల తరబడి పడి ఉంటే, చివరి పెట్టెలో ఒక్కడే కూర్చున్న మనిషి ఏం చేస్తాడు? కొందరు నిద్రపోతారు. ఈయన నిఘంటువు చదివారు. మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టి చివరిదాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి ఒకే ఒక్క మాట దగ్గర ఆగిపోయారు. ఆ మాట 'విత్'.

ఎందుకు మాస్టారూ, ఇంగ్లీషులో ఇంకా మంచి మాటలు లేవా, ప్రేమ, దేశం, బిర్యానీ లాంటివి, అని నేను ఒకసారి అడిగాను.

"బండి నడిపేది డ్రైవరు. ఆపేది సిగ్నలు. నానేటి సేస్తాను? బండితో ఉంటాను. అదే నా డ్యూటీ. ఆ మాట మీద నాకు కాకపోతే ఎవుడికుంటాదిరా ప్రేమ?" అన్నారు.

మా అమ్మ నన్ను ఆ వసారాకి చెవి పట్టుకుని తీసుకెళ్లింది. ఆరో తరగతి. హిందీ మీడియం. ఇంగ్లీషులో నాకు వచ్చినవి పదకొండు మార్కులు. మాస్టారు నన్ను పైనుంచి కిందికి చూసి, "తెలుగు వచ్చా?" అన్నారు.

"ఇంట్లో అదే మాట్లాడతాం," అన్నాను.

"మాటాడడం సిలక కూడా సేస్తాది. రాయి."

నేను హిందీ అక్షరాల్లో నా పేరు రాశాను. ఆయన కోప్పడలేదు. మా అమ్మ వైపు తిరిగి, "అమ్మా, నీ కొడుక్కి ఇంగ్లీషు నేర్పుతాను. కానీ తెలుగక్షరాల్లో నేర్పుతాను. ఇష్టమైతే ఉంచు," అన్నారు. మా అమ్మ ఆయన నవ్వులాటకి అంటున్నారనుకుంది. అది నవ్వులాట కాదు, ఆయన పద్ధతి. మూడు భాషలు, ఒకే లిపి. వాక్యం ముందు ఇంట్లో అనుకునే తెలుగులో, తర్వాత గల్లీలో అనే హిందీలో, చివర ఇంగ్లీషులో, అన్నీ తెలుగు అక్షరాల్లోనే రాయాలి. "స్పెల్లింగు స్కూలు పని. ఆళ్లు ఎలాగూ బెదరగొడతారు. ఇక్కడ ముందు నోటికి రానీ," అనేవారు. ఫలితం ఏమిటంటే, ఇంగ్లీషు నేర్చుకోవడానికి వెళ్లిన మేమంతా తెలుగు రాయడం నేర్చుకుని బయటికొచ్చాం. ఈ వ్యాసం నేను తెలుగులో రాయగలుగుతున్నానంటే కారణం ఒక ఇంగ్లీషు మాట. ఇందులో తప్పులుంటే మాత్రం నావే. ఆయన మీద తోయడానికి ఆయన లేరు.

రోజూ ఒక్కొక్కరం ఇంటి నుంచి ఒక వాక్యం తేవాలి. కల్పించి కాదు, విని తేవాలి. అందులో 'తో' ఉండాలి. ఆయన దాన్ని పొడవాటి నోటుపుస్తకంలో ఎక్కించేవారు. పేజీ మధ్యలో పైనుంచి కిందికి ఎర్ర సిరాతో 'తో', 'తో', 'తో' అని ముందే రాసి ఉంచుకునేవారు. దానికి ఎడమ పక్క నీలం సిరాతో ఎవరు, దేనితో అన్నది. కుడి పక్క ఏం జరిగిందన్నది. కింద సన్నగా హిందీ, ఇంగ్లీషు. ఒక గీత విడిచి మళ్లీ ఇంకొకటి. ఉర్లా గాలిలో మసి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి పేజీ తిప్పితే వేలికి నల్లగా అంటేది.

'అమ్మ చీపురుతో కొట్టింది.' అది నాది, మొదటి రోజు వాక్యం. 'నాన్న ఫోర్‌మన్‌తో మాట్లాడడం మానేశాడు.' 'అక్క వంకర పళ్లతో పెళ్లిచూపుల్లో నవ్వింది.' 'నాన్నమ్మ రేడియోతో గొడవ పడుతుంది.' 'పక్కింటి ఛత్తీస్‌గఢీ పిన్ని మా అమ్మతో భాష రాకుండానే రెండు గంటలు మాట్లాడింది.' ఇవన్నీ ఒక విభక్తికి ఉదాహరణలని మేము అనుకునేవాళ్లం. ఇప్పుడు ఆలోచిస్తే మూడు గల్లీల ఇరవయ్యేళ్ల బతుకు అది. ఎవరింట్లో ఏ చీపురు ఎవరి మీద లేచిందో ఆ పుస్తకాల్లో ఉంది. వెర్రిమొర్రి వాక్యాలు తెచ్చినా కాదనేవారు కాదు. నేను ఒకసారి, 'మాస్టారు ఊడిన పన్నుతో ఉపన్యాసం ఇస్తున్నారు' అని రాసిచ్చాను. ఆయన చదివి, నాలుకతో ఆ ఖాళీని ఒకసారి తడుముకుని, "వాక్యం కరెక్టు. మనిషివే తప్పు," అని ఎక్కించుకున్నారు.

ఒక సాయంత్రం కుళాయి దగ్గర వంతు కోసం నేనూ అవతలి బల్ల మీదివాడూ కొట్టుకుని, గీరుకున్న మొహాలతో వచ్చాం. 'నేను వాడితో కొట్లాడాను' అని చెప్పాను. చెబుతుండగానే నాకు అనుమానం వచ్చింది. "మాస్టారూ, వాడు నా పక్కన నిలబడలేదు కదా. ఎదురుగా నిలబడి గుద్దాడు. మరి 'తో' ఏంటి? ఇంగ్లీషులో కూడా 'విత్' ఏంటి?"

ఆయన మొహం వెలిగిపోయింది. పదేళ్లుగా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతారని ఎదురు చూసినట్టు పెట్టె తెరిచి నిఘంటువు తీశారు.

"ఒరే, పాత ఇంగ్లీషులో 'విత్' అంటే తోడు కాదు. ఎదురు. ఒకడికి ఎదురు నిలబడడం. తోడుకి వాళ్లకి వేరే మాటుండేది, 'మిడ్' అని. మిడ్ మంచిది, పాపం, ఎవుడి జోలికీ ఎల్లేది కాదు. రానురాను ఈ విత్ జరిగి జరిగి వచ్చి మిడ్ కుర్చీలో కూకుంది. మిడ్ ఊరొదిలేసి ఎలిపోయింది. ఒక్క మిడ్‌వైఫ్‌లో మిగిలింది. పురిటి మనిషితో ఉండే ఆడమనిషి అని. విత్‌ మాత్రం పాత పగ పూర్తిగా మర్సిపోలేదు. విత్‌స్టాండ్ అంటే ఎదురు నిలబడ్డం. విత్‌హోల్డ్ అంటే ఇవ్వకుండా పట్టుకోడం. సూడు, ఇంకా ఆ కోపం వాసన ఉందా లేదా?"

"ఉంది," అన్నాడు నన్ను గుద్దినవాడు. వాడికేం అర్థమైందో నాకు ఇప్పటికీ తెలీదు.

"ఇంకా ఎనక్కెల్తే విడిపోడం అనే అర్థముండే చిన్న మాట దగ్గరికి ఎల్తాదంటారు. మన సంస్కృతంలో వియోగం, విభజన ఉన్నాయి సూడు, ఆ 'వి'కి చుట్టమట."

"విడాకులు కూడానా మాస్టారూ?"

"అది తెలుగు మాట. దానికి మనం ఎవుడినీ అడుక్కోలేదు," అన్నారు. అందరం నవ్వాం. అప్పుడాయన నిఘంటువు మూసి మా ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టారు. "ఎదురు నిలబడ్డ మాట పక్కన కూకోడానికి కొన్ని వందల ఏళ్లు పట్టింది. మీకంత టైము ఇవ్వను. దీపాలెట్టేలోపు మాటాడుకోండి."

ఇది నేను ఎక్కడా చదవలేదు. ఏ టీచరూ చెప్పలేదు. ఆయన దీన్నంతా పుస్తకంగా రాస్తున్నారు. ఒకే ఒక్క ఇంగ్లీషు మాట మీద, తెలుగులో, రాయ్‌పూర్‌లో పెరిగే పిల్లల కోసం. దాని పుట్టుక ఒక నోటుపుస్తకంలో, అర్థాలు కొన్నింటిలో, మేము తెచ్చిన వాక్యాలు మిగతా వాటిలో. మొత్తం పదిహేడు. అన్నీ ఆ ఇనప పెట్టెలో. ఆ పుస్తకానికి చదివేవాళ్లు ఎంతమంది ఉంటారని అడగకండి. నేను అడిగాను. "నువ్వున్నావు కదా," అన్నారు. ఆ మాటకి పొంగిపోయి, అప్పటికి కాలేజీ అయిపోయి నయా రాయ్‌పూర్‌లో ఉద్యోగంలో చేరిన మొనగాణ్ని కాబట్టి, "నేను టైపు చేసిపెడతా మాస్టారూ. ఒక్క ఆదివారం చాలు," అన్నాను.

ఆ ఒక్క ఆదివారం మూడేళ్లు రాలేదు.

ఆయన శనివారం ఫోను చేసేవారు. "ఏటిరా రేపు ప్రోగ్రాం?" అనేవారు. నాకు ఒక వారం జలుబు, ఒక వారం ఫ్రెండు పెళ్లి, ఒక వారం క్రికెట్టు. మా ఇంటి నుంచి ఆ వసారాకి నడిచి వెళ్తే ఒక పాట పూర్తవదు. అంత దూరం నేను మూడేళ్లు నడవలేదు. ప్రతిసారీ ఆయన చివర ఒకటే మాట అనేవారు. "సరేలే. పెట్టె ఎక్కడికీ పోదు."

కబురు తెలిసిన రోజు నేను ఆఫీసు నుంచి పరుగెత్తాను. పాడె మోశాను. ఆయనతో దిగిన ఫొటో స్టేటస్ పెట్టాను. 'నాకు అక్షరం నేర్పిన దేవుడు' అని కింద రాశాను. చాలా గుండెలు వచ్చాయి, ఎర్రవి. మర్నాడు లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. ఆ పెట్టె సంగతి గుర్తుకు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. శుభకార్యం కాదు కదా, ఇంట్లో ఏడుపులుంటాయి, అవన్నీ అయ్యాక అడుగుదాం అనుకున్నాను. మర్యాదస్తుణ్ని కదా.

పన్నెండో రోజు భోజనాలకి వెళ్లాను. ఇంటి ముందు టెంటు వేశారు. విస్తరాకుల ముందు కూర్చున్నాం. గారె తుంచి నోట్లో పెట్టుకున్నాను. నా పక్కనున్న పెద్దాయన, అటుపక్కనున్న ఇంకో పెద్దాయనతో అంటున్నాడు.

"పదహారు రామకోట్లంటండీ! ఒకటి రాసేసరికే నాకు సెయ్యి పడిపోయింది."

"బయటికి సెప్పుకోలేదు సూడండి. అదీ భక్తంటే."

ఎవరో మహానుభావుడి గురించి మాట్లాడుకుంటున్నారనుకున్నాను. మా మాస్టారు గుడికి వెళ్లేది పులిహోర ఉందని ముందే కబురొస్తేనే. అంతలో మాస్టారి కొడుకు సాంబారు బకెట్టుతో వచ్చాడు. నేను అన్నా అని పిలుస్తాను. "అన్నా, ఏంటి వీళ్లు అంటున్నది?"

"నీకు తెలీదేటిరా? నాన్న పెట్టె తెరిసినాం. పూరా రామకోటి. ఎర్ర సిరాతో ఒకటే అక్షరం, పేజీలకి పేజీలు. మీ వదిన చూడగానే దండం పెట్టీసింది. ఆళ్ల అమ్మమ్మ కూడా ఇలాగే రాసీదంట. పదోరోజు అస్థికలతో పాటు రాజిం పట్టుకెళ్లి మహానది సంగమంలో కలిపేసినాం. దారంతా ఒళ్లోనే పెట్టుకుంది మీ వదిన, కింద పెట్టకూడదని. అక్కడ పండిట్‌జీ తల మీద పెట్టుకుని మరీ నీళ్లలో దిగాడు. 'భాంచా రామ్ కా నామ్ హై' అన్నాడు. ఇక్కడోళ్లకి రాముడు మేనల్లుడు కదా."

చేతిలో మిగిలిన గారె ముక్క విస్తట్లో పెట్టేశాను. "వాటిని ఎవరైనా చదివారా అన్నా?"

"మా ఇంట్లో తెలుగు సదవడం ఎవుడికొచ్చురా? నాన్న పాఠాలు మొదలెట్టీసరికి నేను ఫ్యాక్టరీలో ఉన్నాను కదా," అన్నాడు. అందులో సిగ్గు లేదు, దాపరికం లేదు. వర్షం పడుతోంది అన్నట్టు అన్నాడు.

నేను ఎంత చవటనో ఇప్పుడు వినండి. నోరున్నవాణ్నని పేరు నాకు. పెళ్లిళ్లలో నా పక్కన కూర్చోడానికి పోటీ పడతారు. ఆ పంక్తిలో అందరూ అన్నం ముందు చేతులు జోడించి కళ్లు మూసుకుంటుంటే, అవి రామకోట్లు కావు, మీరు నదిలో వేసింది మన మూడు గల్లీల చీపుర్లూ ఫోర్‌మన్లూ పెళ్లిచూపులూ, ఒక మనిషి ఇరవయ్యేళ్ల పని, అని అరవాలనిపించింది. ఒక్క మాట రాలేదు. లేచాను. చెయ్యి కూడా కడగలేదు. "అరే, అక్కడితో అయిపోలేదురా, ఆగు, ఇంకోటి..." అని అన్న వెనక నుంచి ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు.

తర్వాత నెల రోజులు నేను వాళ్ల మీద మండిపడుతూ బతికాను. అన్న ఎదురైతే మొహం తిప్పుకున్నాను. తెలుగు మాట్లాడతారు, సినిమాలు చూస్తారు, ఆవకాయ కోసం చస్తారు, ఒక్క అక్షరం చదవలేరు. తెలుగు అక్షరం కనిపిస్తే అది దేవుడిదే అయి ఉండాలని దండం పెట్టే జనం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారా? ఈ వాక్యాలన్నీ స్నానాల గదిలో గట్టిగా ప్రాక్టీసు చేశాను. వానలు ఇంకా తగ్గలేదు. మహానది నిండుగా ఉందని టీవీలో చూపిస్తుంటే మా అమ్మ ఛానెల్ మార్చేది.

మాసికానికి అమ్మే బలవంతంగా పంపింది. "భోజనం దగ్గర్నుంచి లేచొచ్చిన పరువు నువ్వే పోయి సరిచేసుకో," అంది. సరే, వెళ్లి చెప్పేస్తాను అనుకున్నాను. నిజం చెప్పి, మీరేం చేశారో తెలుసా అని అడిగి, చెప్పులేసుకుని వచ్చేస్తాను.

అన్న షిఫ్టులో ఉన్నాడు. వదిన తలుపు తీసింది. రాయ్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. మాకు ట్యూషన్ రోజుల్లో టీ గ్లాసులు లెక్కపెట్టి పంపేది, పగలగొడతామని.

"ఏటి బాబూ, దారి మర్సిపోలేదా?" అంది. నేను కూర్చోలేదు. ఎక్కడ మొదలుపెట్టాలా అని గోడ వైపు చూశాను. దేవుడి గూట్లో మాస్టారి ఫొటో పక్కన ఒక పొడవాటి నోటుపుస్తకం ఉంది. అట్ట మీద పసుపు, కుంకుమ.

"అదేంటి వదినా?"

"పదిహేడోది. సగమే రాసినారు మావయ్య. పూర్తవని రామకోటి నీళ్లలో వదలకూడదు, ఇంట్లోవాళ్లు పూర్తి చెయ్యాలి అన్నాడు పండిట్‌జీ. మీ అన్నకి టైమేదీ? నేనే రాస్తన్నా."

"నువ్వు... రాస్తున్నావా?"

"సదవడం రాదు గానీ, సూసి దింపుతాను. రోజూ స్నానం చేసి నూట ఎనిమిది. సూడు, సరిగ్గా వస్తందా?" అని చేతులు కడుక్కుని దాన్ని తీసి నా ముందు పెట్టింది. "చెప్పులిప్పు ముందు."

తెరిచాను. మాస్టారి చివరి వాక్యం పేజీ మధ్యలో ఆగింది. 'కోడలు నాతో పోట్లాడి, నాతోనే అన్నం తింటుంది.' దాని కింద నీలం సిరా లేదు. ఎర్ర సిరా ఒక్కటే. తో. తో. తో. మొదటివి పురుగుల్లా ఉన్నాయి. 'త' ఎటో, ఓత్వం ఎటో. రెండో పేజీకి కొంచెం నిలబడ్డాయి. నాలుగో పేజీకి వచ్చేసరికి అవి అక్షరాలు. ఎనిమిదో పేజీలో మాస్టారి 'తో'కీ వదిన 'తో'కీ తేడా పట్టాలంటే దగ్గరగా చూడాలి. పైనుంచి కిందికి, మధ్యలో, ఎడమా కుడీ తెల్లగా వదిలేసి, వేల 'తో'లు. తెలుగులో ఒక్క అక్షరం రాని మనిషి నెల రోజుల్లో ఒకే ఒక్క అక్షరం నేర్చుకుంది. దేశంలో ఇన్ని అక్షరాలుండగా అదే.

నేను ప్రాక్టీసు చేసుకొచ్చిన వాక్యాలు అన్నీ ఉన్నాయి. మొదలుపెట్టాను. మొత్తం చెప్పాను. అది రామకోటి కాదని, పుస్తకమని, పదహారింటిలో ఏముందో. గొంతు అనుకున్నంత గట్టిగా రాలేదు.

 వదిన మావయ్య చివరి వాక్యం పైకి చదవమంది. చదివాను. పైట చెంగుతో మొహం ఒత్తుకుని, తర్వాత నా వైపు తిరిగింది. నేను ఆమె ఏడుస్తుందనుకున్నాను.

"ఆ పెట్టెలో ఏముందో ఈ ఊళ్లో నీకొక్కడికే తెలుసు కదా?"

తలూపాను.

"పొద్దున్నే టీ తాగి ఎర్ర పెన్నుతో కూకుంటే, ఏటి రాస్తన్నారు మావయ్యా అంటే, పుణ్యం పనిలే అమ్మా అనీవారు. నేను అదే అనుకున్నా. నాకు సదవడం రాదు, నిజమే. నీకొచ్చు కదా? దహనానికొచ్చినావు. భుజం పట్టినావు. ఫోన్‌లో ఫొటో కూడా ఎట్టినావు, మా పాప సూపించింది. వదినా, ఆ పెట్టె జాగ్రత్త అని ఒక్క మాట అనడానికి నీ నోరెక్కడికెల్లింది? రోజంతా వాగుతావు కదా! శనివారం ఫోను పెట్టేసి ఆయన వసారాలో ఎంతసేపు కూకుండీవారో నీకు తెలుసా? ఆడికి కాళీ లేదంటమ్మా అనీవారు. రెండు కప్పులు టీ పెట్టించి ఒకటి చల్లారబెట్టీవారు."

ఆమె కోపం ముందు నా నెల రోజుల కోపం ఎంత ఉంటుందో ఊహించుకోండి. నేను ఎవరి మీద అరవడానికి వచ్చానో ఆ మనిషి సరిగ్గా నా ఎదురుగా కూర్చుని ఉంది, కానీ నేను అరవాల్సింది నా మీద. రాజిం దాకా ఒళ్లో పెట్టుకుని వెళ్లిన మనిషిని తప్పు పట్టడానికి, రెండు గల్లీలు నడవనివాడు వచ్చాడు.

"ఇప్పుడేం చెయ్యమంటావు వదినా?" అన్నాను.

"నన్నడుగుతావా? సదువుకున్నోడివి నువ్వు." ఆ తెల్లటి ఖాళీల మీద వేలు పెట్టింది. "ఇక్కడ ఏటి ఉండాలి?"

"ఎవరితో, దేనితో అన్నది. అటుపక్క ఏం జరిగిందో."

"అంటే నేను నెల నుంచి ఉత్త తో, తో అని రాస్తన్నానా?" అంది. పెదవి వణికింది. అది నవ్వులోకి పోతుందో ఇంకోవైపు పోతుందో తెలీలేదు. నవ్వులోకే పోయింది, కొంచెం. "పైనుంచి సూసి నవ్వుకుంటా ఉంటారు మావయ్య."

పుస్తకం నాకిచ్చెయ్యమని, టైపు చేసి తెస్తానని అన్నాను. ఇవ్వలేదు. "నీ ఆదివారాలు నాకు తెలుసు. ఇక్కడికొచ్చి రాసుకో. రాముడిదైనా కాకపోయినా మావయ్య రాత. గూడు దాటదు," అంది.

కాబట్టి పాఠకులారా, ఇప్పుడు ప్రతి ఆదివారం నేను ఆ వసారాలో చెప్పులిప్పి కూర్చుంటున్నాను. పదిహేడోదాన్ని టైపు చేయడం అయిపోయింది. మిగతా పదహారింటిలో మా వాక్యాలు మాకు ఎన్ని గుర్తొస్తాయో చూద్దామని, నన్ను కుళాయి దగ్గర గుద్దినవాడితో సహా దొరికినవాళ్లందరినీ పిలుస్తున్నాను. విత్ పుట్టుక గురించి ఆయన చెప్పింది నాకు గుర్తున్నంతే పైన రాశాను. అంతకన్నా చాలా ఉండేది. అది పోయింది. ఆ కోపం తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశం లేదు. చిరునామా మాత్రం మారింది.

మొదటి ఆదివారం వదిన పక్కన కూర్చుని, 'మావయ్య' ఎలా రాస్తారో చూపించమంది. ఒక కాగితం మీద రాసిచ్చాను. ఆమె నోటుపుస్తకం దగ్గరికి లాక్కుని, తను రాసిన ఎర్ర 'తో'ల్లో ఒకదాన్ని ఎంచుకుని, దాని ఎడమ పక్క ఖాళీలో, నీలం పెన్నుతో, నాలుక పంటి కింద పెట్టుకుని, నాలుగు నిమిషాలు పట్టి రాసింది. మావయ్య. తర్వాత ఎర్ర తో. తర్వాత కుడి పక్క తెల్లటి ఖాళీ.

"ఇక్కడ ఏటి రాయాలి?" అంది.

"నువ్వే చెప్పాలి వదినా. మావయ్యతో ఏం చేశావో."

ఆమె ఆ ఖాళీ వైపు చూస్తూ ఉండిపోయింది. లోపల కుక్కర్ కూత వేసింది. పెన్ను జడలో దోపుకుని లేచి లోపలికి వెళ్లింది. పుస్తకం తెరిచే ఉంది. ఫ్యాను గాలికి పేజీ కొంచెం లేచి, మళ్లీ వాలింది. నేను దాని మీద చెయ్యి పెట్టి పట్టుకున్నాను. తీసేసరికి వేలికి మసితో పాటు కుంకుమ అంటి ఉంది.